గిజిగాళ్ళు గూళ్ళను సగంలో ఎందుకు వదిలేస్తాయి? ఖాళీ గూళ్ళు ఇంటికి తెచ్చుకోవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది. చీపురుపల్లి దగ్గర మీ పొలంలో నేలబావి మీదకు వంగిన ఈతచెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు కట్టాయి. వాటిలో చాలావరకు సగంలోనే ఆగిపోయాయి, ఎందుకని? వచ్చే ఏడు పిట్టలు ఈ గూళ్ళలోకే తిరిగి వస్తాయా? రాకపోతే రెండు కోసుకొచ్చి హాల్లో వేలాడదీసుకోవచ్చా? వరిగింజలు తినేస్తున్నాయని మీ చిన్నాన్నగారు మట్టలు కొట్టించేద్దామంటున్నారు, ఆయనకు ఏం చెప్పాలి?

ముందు సూటిగా చెబుతాను. సగంలో ఆగినవి చాలావరకు ఆడపిట్టలు కాదన్న గూళ్ళు. వచ్చే వానాకాలం పిట్టలు అదే చెట్టుకు రావచ్చు గానీ కొత్త గూళ్ళే అల్లుకుంటాయి. చెట్టుకు వేలాడుతున్న గూడు ఖాళీగా కనిపించినా కోయకండి. కింద రాలి పడినదాన్ని తెచ్చుకుంటే ఎవరికీ నష్టం లేదు. మట్టల సంగతి చివర్లో చెబుతాను.

జూనియర్ కళాశాలల్లో జంతుశాస్త్రం చెబుతూ, సెలవు దొరికితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిట్టల వెంట తిరిగినవాణ్ణి. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్ళందరి మనసులో ఒకే ఊహ ఉంటుంది: గూడు అంటే పిట్ట కాపురం ఉండే ఇల్లు, పగలంతా తిరిగి రాత్రికి అందులో పడుకుంటుంది, ఏడాది పొడవునా అదే దాని చిరునామా అని. గూడు ఇల్లు కాదండి, పురిటిగది. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు రెక్కలు వచ్చేవరకే దానితో పని. గుడ్ల మీద కూర్చున్న తల్లి, పిల్లలు తప్ప మిగతా గిజిగాళ్ళు రాత్రిళ్ళు గుంపులుగా చెరకుతోటల్లోనో చెరువు జమ్ములోనో పడుకుంటాయి. బొబ్బిలి వైపు చెరకు ఉన్న రోజుల్లో పొద్దు వాలేవేళ గట్టు మీద నిలబడితే, ఆ కిచకిచల్లో పక్కవాడి మాట వినబడేది కాదు.

రాత్రికి గూటికి చేరే పిట్టలు లేవని కాదు. టంగు టంగుమని ఒకే లయలో కూసే కంసాలిపిట్ట తను తొలుచుకున్న తొర్రలోనే పడుకుంటుంది. కానీ మామూలుగా జరిగేది అది కాదు.

ఇక మీ మొదటి ప్రశ్న. గిజిగాళ్ళలో గూడు అల్లేది మగపిట్ట. ఊడ్పుల రోజుల్లో తల మీద పసుపు రంగు వేసుకుని కనిపించేది అదే. అది వరి ఆకు అంచునో తాటాకు అంచునో ముక్కుతో కాస్త కొరికి పట్టుకుని ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. ఆ ఊపుకు ఆకు పొడవునా సన్నటి పోచ చీలి వస్తుంది, జానెడు నుంచి మూరెడుకు పైగా. అలాంటి పోచలను మొదట మట్ట కొసకు చుట్టి ముడి వేస్తుంది. ముడి అంటే నిజంగా ముడే: పోచను కాలితో నొక్కిపట్టి, కొసను ముక్కుతో కిందినుంచి దూర్చి, పైకి లాగి బిగిస్తుంది. ఆ ముడులకు కిందుగా నిలువుగా ఒక వలయం కడుతుంది. తరవాత పనంతా ఆ వలయంలో నిలబడే. ముక్కు అందినంత మేర ముందుకు అల్లితే గుడ్లు పెట్టే గది, వెనక్కి అల్లితే గుమ్మం. గూడు ఆ పిట్ట ఒంటి కొలతకు సరిపోయేది అందుకే.

కప్పు దిగి, అడుగు ఇంకా మూయకుండా, మధ్యలో ఒక అడ్డపట్టీ మాత్రమే ఉన్న స్థితిలో మగపిట్ట పని ఆపేస్తుంది. కింద నిలబడి చూస్తే బోర్లించిన టోపీలా ఉంటుంది. ఇంతవరకు రావడానికి సుమారు 8 రోజులు. మొత్తం గూడు పూర్తవడానికి 18 రోజుల దాకా, ఇంచుమించు 500 సార్లు పోచలు మోసుకురావాలని అంచనా. మీరు సగంలో వదిలేసిందని అనుకుంటున్నది ఈ టోపీ దశనే. ఇక్కడ ఆగడం సోమరితనం కాదు, ఇక్కడే పెళ్ళిచూపులు. ఆడపిట్టలు గుంపుగా రాగానే చెట్టంతా గోల మొదలవుతుంది. ప్రతి మగపిట్టా తన గూటికి తలకిందులుగా వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తుంది. ఆడపిట్ట లోపలికి వెళ్ళి పోచలు లాగి చూస్తుంది, అడ్డపట్టీ మీద కూర్చుని చూస్తుంది, నచ్చకపోతే పక్కదానికి పోతుంది. నచ్చితే అక్కడే ఉండిపోతుంది. అప్పుడు మగపిట్ట గుడ్ల గది అడుగు మూసి, రెండో వైపు గొట్టంలాంటి దారిని కిందికి దింపుతుంది. లోపలి సర్దుబాటు కొంత ఆడపిట్టే చూసుకుంటుంది.

ఎవరికీ నచ్చని టోపీ అలాగే ఎండిపోతుంది. మీ చెట్టు కింద నిలబడి రంగు చూడండి. పచ్చగా ఉన్న టోపీ అయితే బేరం ఇంకా నడుస్తోంది. గోధుమరంగుకు తిరిగిందంటే దాని కథ ముగిసినట్టే. ఎండిన పోచ వంగదు, కాబట్టి పాతదాన్ని బాగుచేయడం కంటే పక్కన కొత్తది మొదలుపెట్టడమే మగపిట్టకు తేలిక.

మరి ఎందుకు నచ్చలేదు? నేత బాగా లేకపోవడం వల్లే అని అందరూ అనుకుంటారు. పరిశోధకులు చూసినప్పుడు తేలింది వేరు: ఆడపిట్ట నేత కంటే చోటుకే ఎక్కువ విలువ ఇస్తుంది. ఎంత ఎత్తు, పాము పాకి రావడం ఎంత కష్టం, కింద నీళ్ళున్నాయా, ముళ్ళున్నాయా అన్నవి దానికి ముఖ్యం. మీ బావి మీది ఈతచెట్టు ఆ లెక్కన మంచి స్థలం. కానీ చెట్టులో కూడా అన్ని మట్టలూ ఒకటి కావు. బావి వైపు వాలిన మట్టల గూళ్ళు, గట్టు వైపు మట్టల గూళ్ళు విడివిడిగా లెక్కపెట్టండి. గట్టు వైపు టోపీలు ఎక్కువగా మిగిలి ఉంటాయని నా అంచనా. మన దగ్గర గూళ్ళు చాలాసార్లు చెట్టుకు తూర్పు వైపే ఎక్కువగా ఉంటాయి. నైరుతి వాన గాలికి అటు మరుగు దొరుకుతుందని చెబుతారు.

సగంలో ఆగడానికి ఇంకా చిన్న కారణాలున్నాయి. ఆ ఏడే ఈడుకొచ్చిన కుర్ర మగపిట్టలు నేర్చుకునే పనిలో వంకరటింకర గూళ్ళు అల్లి వదిలేస్తాయి. పక్కవాడి గూటి పోచలు దొంగిలించే అలవాటు వీటికి బాగా ఉంది. యజమాని ఆకు కోసం వెళ్ళగానే ఇరుగుపొరుగు వచ్చి రెండు పోచలు లాక్కుపోతుంది. అందుకే ఏ మగపిట్టా తన గూటికి ఎక్కువసేపు దూరంగా ఉండదు. కాకులు కప్పు చించేయడం, మీ చెట్టు కింద రోజూ మోటారు వేయడానికి ఎవరో తచ్చాడడం కూడా లెక్కలోకి వస్తాయి.

ఇంకో తమాషా ఏమిటంటే, ఒక ఆడపిట్ట కుదిరి గుడ్లు పెట్టగానే ఆ మగపిట్ట వేరే మట్టకు ఇంకో టోపీ మొదలుపెట్టి మరో ఆడపిట్టను పిలుస్తుంది. దీన్ని తొలిసారి వివరంగా గమనించి రాసింది పక్షిశాస్త్రవేత్త సలీం అలీ. 1930 ప్రాంతంలో ఉద్యోగం లేక బొంబాయికి దగ్గరలో కిహీమ్ అనే సముద్రతీరపు పల్లెలో ఉన్నప్పుడు ఈ పిట్టల గుంపును చూస్తూ కూర్చుని ఆ సంగతి తేల్చారు. అంతకుముందు ఒక మగ, ఒక ఆడ, ఒక గూడు అనే అనుకునేవారు. కాబట్టి మీరు చూస్తున్న గూళ్ళ సంఖ్యను బట్టి మగపిట్టల సంఖ్య చెప్పలేరు.

మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. గిజిగాడు మిణుగురు పురుగులను తెచ్చి గూట్లో బంకమట్టికి అంటించి దీపం పెట్టుకుంటుందని మన పెద్దవాళ్ళు చెబుతారు. మట్టి నిజం. టోపీ దశలో కప్పు లోపలి వైపు తడిమట్టి ముద్దలు మెత్తి ఉంటాయి. రాలిపడిన గూడు విప్పితే పెళుసుగా ఎండిన మట్టి మీ చేతికి తగులుతుంది. గాలికి గూడు మరీ ఊగిపోకుండా బరువు కోసమని సాధారణంగా చెబుతారు. మిణుగురుల దీపం మాత్రం కల్పన. చీకటి పడగానే పడుకునే పిట్టకు దీపంతో పనేముంది?

వచ్చే ఏడు ఇవే గూళ్ళలోకి వస్తాయా అన్న ప్రశ్నకు పిట్టను బట్టి జవాబు మారుతుంది, అది మన రెండు జిల్లాల్లోనే చూడవచ్చు. గిజిగాడిది ఒక్క వానాకాలపు గూడు. రెండు నుంచి నాలుగు తెల్ల గుడ్లు, పొదగడానికి 14 నుంచి 17 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో 17 రోజులు. అంటే గుడ్డు పెట్టాక అయిదు వారాలకు గూడు ఖాళీ. పాత గూటి కింద కొత్త గూడు వేలాడదీయడం కనిపిస్తుంది గానీ పాతదాంట్లో గుడ్లు పెట్టవు. గువ్వ సంగతి మరీ అన్యాయం. నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చి గూడు అనిపించుకుంటుంది, కిందినుంచి చూస్తే గుడ్లు కనిపిస్తాయి.

దీనికి పూర్తిగా ఎదురు తేలినీలాపురం. టెక్కలి దగ్గర ఆ ఊరి చింతచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు పుల్లలతో వెడల్పాటి మంచెల్లాంటి గూళ్ళు కడతాయి. పెద్ద కొంగల గూళ్ళలో వానకూ గాలికీ నిలిచిన భాగం ఉంటే, మరుసటి ఏడు దాని మీదే కొత్త పుల్లలు పేర్చి వాడుకోవడం మామూలే. అక్కడ పిట్టలు వానలు తగ్గే ముందు వచ్చి, పిల్లలను పెంచుకుని వేసవి మొదట్లో వెళ్ళిపోతాయి. నౌపడ చిత్తడి నేలలు, చెరువులు వాటి వేటస్థలం. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చేవి వేరు. అవి ముక్కు మధ్యలో సందు ఉండే, నత్తలు తినే కొంగలు. అవి తొలకరితో వస్తాయి. పొలాల్లో నీళ్ళు నిలిచి నత్తలు పుట్టే కాలం కదా. వాటి రాకతో వాన వస్తుందని ఊరివాళ్ళ నమ్మకం. రెండు ఊళ్ళలోనూ గ్రామస్థులే వాటికి కాపలా. ఊరి మధ్య చెట్ల మీద, ఇళ్ళ పైన అవి నిర్భయంగా గుడ్లు పెట్టడానికి కారణం ఆ మనుషులే.

ఇక్కడ ఒక్క మాట అనకుండా ఉండలేను. పత్రికల్లో ఏటా 'సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన అతిథులు' అని రాస్తారు. ఇక్కడ గూడు కట్టి గుడ్లు పెడుతోందంటే అది సైబీరియా పిట్ట కాదు. సైబీరియా నుంచి వచ్చే బాతులు, బురదలో తిండి ఏరుకునే ఉల్లంకులు చలికాలం తిండి కోసం ఇక్కడికి వస్తాయి. గూళ్ళు కట్టి పిల్లలను చేసేది అక్కడి వేసవిలో, అక్కడే. మన గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తల కొంగ దక్షిణాసియా సొంత పిట్టలు. తిరుపతి జిల్లా నేలపట్టులోనూ, గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ గూళ్ళు కట్టేవి ఈ జాతి పక్షులే. తిండి, నీరు ఎక్కడుంటే అక్కడికి దేశంలోనే తిరుగుతాయి. అతిథి అని పిలవడంలో ప్రేమ ఉంది, కాదనను. కానీ పుట్టింటికి వచ్చిన పిల్లను పరాయిదాన్ని చేసినట్టు ఉంటుంది నాకు.

ఇప్పుడు గూళ్ళు తెచ్చుకోవడం గురించి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లనూ గూళ్ళనూ కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కకడుతుంది. చట్టం పక్కన పెట్టినా కోయవద్దనడానికి నాకు మూడు కారణాలున్నాయి.

మొదటిది, ఖాళీ అని కిందినుంచి తెలియదు. ఆడపిట్ట గుడ్ల మీద కదలకుండా కూర్చుంటే చెట్టంతా నిశ్శబ్దంగానే ఉంటుంది. వానాకాలం చివర్లో మగపిట్టల గోల ఆగిపోయాక కూడా ఆలస్యంగా పెట్టిన గుడ్ల తాలూకు పిల్లలు లోపల ఉండవచ్చు. గొట్టం దించిన గూడు కనిపిస్తే అది కాపురం కుదిరిన గూడని గుర్తు, దాని జోలికి అసలు వెళ్ళవద్దు. నరసన్నపేట దగ్గర ఒక బడి పిల్లలు ప్రదర్శనకని అలాంటి గూడు కోసి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. అందులో ఇంకా కళ్ళు తెరవని మూడు పిల్లలు. ఆ గూటిని మళ్ళీ అదే మట్టకు దారంతో కట్టించాను. తల్లి మర్నాటి వరకూ దూరంగా తిరిగింది గానీ లోపలికి రాలేదు.

రెండోది, మీకు ఖాళీ అయినది ఇంకొకరికి అద్దె లేని ఇల్లు. తెల్లగొంతు మునియాలనే చిన్న పిట్టలు గిజిగాడి పాత గూళ్ళలో గుడ్లు పెడతాయి. చెట్టెలుకలు కాపురం పెడతాయి. మూడోది మీ క్షేమం కోసం: ఎండిన గూటి పోచల మధ్య కంటికి ఆనని పురుగులుంటాయి, హాల్లో వేలాడదీస్తే వారంలోనే మీకే తెలుస్తుంది. అంతగా కావాలంటే డిసెంబరు తర్వాత చెట్టు కింద రాలినదాన్ని తీసుకుని, నాలుగైదు రోజులు గట్టి ఎండలో పెట్టి, కర్రతో దులిపి అప్పుడు లోపలికి తెచ్చుకోండి. మన తీరానికి అక్టోబరు గాలులు ఎలాగూ కొన్నింటిని రాల్చి ఇస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు గూళ్ళే కాదు, చెట్లే పోయాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరిచెట్లు నేలకూలాక, తరవాతి వానాకాలం వజ్రపుకొత్తూరు వైపు కరెంటు తీగలకు గూళ్ళు వేలాడుతుంటే చూశాను. తీగ పాముకు అందదు కాబట్టి పిట్ట ఎంపికలో తప్పు లేదు. కానీ తీగకు మట్టలా నీడ ఉండదు, మధ్యాహ్నం ఎండలో ఆ గూళ్ళు మాడిపోయేవి.

మీలాంటి బావులు కూడా ఇప్పుడు తక్కువైపోతున్నాయి. బోరు వేశాక నేలబావిని పూడ్చేస్తున్నారు, గట్టు మీది ఈతచెట్టును అడ్డం అని కొట్టేస్తున్నారు. గిజిగాడికి కావలసింది ఆ రెండూ ఒకచోట ఉండడమే. మీరు పూడ్చాలనుకుంటే ఆపే హక్కు నాకు లేదు. కాకపోతే జనవరి నుంచి మే మధ్యలో చేయండి, అప్పుడు గూళ్ళలో గిజిగాళ్ళ గుడ్లు, పిల్లలు ఉండవు.

చివరికి మీ చిన్నాన్నగారి సంగతి. ఆయన మాట అబద్ధం కాదు. గిజిగాళ్ళు వరిగింజలు తింటాయి, పాలు పట్టిన వెన్ను మీదా వాలతాయి, కోత వేళకు గుంపులు పెద్దవవుతాయి కూడా. ఆ సమయానికి మగపిట్టల తలమీది పసుపు పోయి ఆడపిట్టల్లా, ఊరపిచ్చుకల్లా గోధుమ రంగులో ఉంటాయి కాబట్టి, గూళ్ళు కట్టిన పిట్టలు వెళ్ళిపోయి వేరే పిచ్చుకలు వచ్చాయనుకుంటారు. కానీ పిల్లలను పెంచే రోజుల్లో అవే పిట్టలు మీ చేలో పురుగులు ఏరి తీసుకుపోతాయి, ఎందుకంటే పిల్లలకు గింజ అరగదు. ఇక మట్టలు కొట్టించడం వల్ల గింజల నష్టం తగ్గదు. కోత వేళ మీ చేను మీద వాలేవి మీ చెట్టు పిట్టలే కావు, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ గుంపులు కలిసి వస్తాయి. గూళ్ళు లేకుండా చేసినా అవి వస్తాయి. వెన్ను గట్టిపడే ఆ రెండు మూడు వారాలు పొద్దున, సాయంత్రం డబ్బా కొట్టించడం, చేను మీద మెరిసే రిబ్బన్లు కట్టడం పనిచేస్తుంది. గుంపులు వాలేది ఆ రెండు వేళల్లోనే.

ఇదంతా చెప్పినా ఆయన ఒప్పుకోకపోతే ఒక రాజీ మార్గం ఉంది. గట్టు వైపు, గూళ్ళు లేని ఎండు మట్టలను జనవరిలో కొట్టించండి. బావి మీదకు వాలిన మట్టలను వదిలేయండి.